అమ్మ మోకాళ్లకు ఇంట్లో ఇన్‌ఫ్రారెడ్ లైటు: ఏది కొనాలి?

సీతమ్మధార_పెద్దమ్మాయి:

అందరికీ నమస్తే. మా అమ్మ కోసం అడుగుతున్నాను. అమ్మకు 64 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు గారు చెప్పి రెండేళ్లయింది. కుడి మోకాలు మరీ ఇబ్బంది పెడుతోంది. మాది విశాఖ సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. దిగితే మళ్లీ ఎక్కాలి కదా అన్న బెంగతో అమ్మ రైతుబజారుకు వెళ్లడం కూడా మానేసింది. ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచిన మనిషి. కిందటిసారి రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని, నడిచేవాళ్లకు మజ్జిగ గ్లాసులు అందిస్తూ కూర్చుంది. అది చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు.

జనవరిలో పది రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. అక్కడ స్టాండుకు ఎర్ర బల్బున్న దీపం మోకాళ్లకు పెట్టేవారు. ఆ పది రోజులూ అమ్మ ప్రాణం హాయిగా ఉంది. "చలికాలం పొద్దున్న ఎండలో కూకున్నట్టుందే" అనేది. కానీ రోజూ మెట్లు దిగి ఎక్కడం, ఆటో, నా ఆఫీసు… కుదరలేదు. అందుకే ఇంట్లోకే ఒకటి కొందామనుకుంటున్నాను.

కేజీహెచ్ ఆసుపత్రి ఎదురుగా సర్జికల్ షాపుల్లో అడిగితే 150 వాట్ల ఎర్ర బల్బు, స్టాండు కలిపి 2,200 చెప్పారు. ఆన్‌లైన్లో చూస్తే ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి ఉంది, 660, 850 నానోమీటర్లు అని రాశారు, 14,500. మోకాలికి చుట్టుకునే ఎల్‌ఈడీ బెల్టు 5,000 లోపు. ఇవి కాక 'ఫార్ ఇన్‌ఫ్రారెడ్' అని రాళ్లు కుట్టిన హీటింగ్ ప్యాడ్లు. నాలుగింటికీ ఇన్‌ఫ్రారెడ్ అనే పేరు. ధరలు చూస్తే ఏనుగుకీ ఎలక్కీ ఉన్నంత తేడా. 15,000 దాకా పెట్టగలను, కానీ వృథా కాకూడదు.

అన్నట్టు అమ్మకు షుగర్ ఉంది, 12 ఏళ్ల నుంచి మాత్రలు వాడుతోంది. రాత్రిళ్లు అరికాళ్లు తిమ్మిర్లు అంటుంది. అదే లైటు పాదాలకు కూడా పెడితే రెండు పనులూ అవుతాయని ఆశ. ప్యానెల్ ప్రకటనలో నరాల తిమ్మిర్లకు కూడా పనిచేస్తుందని రాశారు. వాడినవాళ్లు చెప్పండి.

---

మధురవాడ_బాబాయ్:

మా ఇంట్లో బల్బు దీపమే ఆరేళ్లుగా వాడుతున్నాం, నా నడుముకి. 2,200 అంటే మరీ ఎక్కువేం కాదు. హోల్డర్ మాత్రం పింగాణీదేనా అని చూసుకోండి. ప్లాస్టిక్‌ది అయితే ఆ వేడికి రెండు నెలల్లో పెళుసెక్కి విరిగిపోతుంది. ఈ బల్బులకి మర ఉంటుంది, ఇంట్లో మామూలు హోల్డర్‌కి ఎక్కదు. త్రీ పిన్ ప్లగ్ ఉన్నదే తీసుకోండి. మన ఊళ్లో ఉప్పుగాలికి హోల్డర్ లోపలి ఇత్తడి రేకుకి చిలుము పడుతుంది. లైటు టపటపా కొట్టుకుంటుంటే బల్బు పోయిందనుకుని మార్చేయకండి, ప్లగ్ తీసేసి, చల్లారాక గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. వెలుగుతున్న బల్బు మీద నీటి చుక్క పడితే గాజు పగులుతుంది, అదొక్కటీ జాగ్రత్త.

---

ఉక్కునగరం_రిటైర్డ్:

అమ్మా, నీ పోస్టులో చివరి పేరా దగ్గర ఆగిపోయాను. మిగతా సంగతి తర్వాత. అరికాళ్లలో తిమ్మిర్లున్న షుగర్ మనిషి పాదాలకు వేడి దీపం పెట్టకూడదు. దయచేసి పెట్టకు.

ఎందుకంటున్నానో చెబుతాను. మా అన్నయ్యది అనకాపల్లి. షుగరూ, కాళ్ల తిమ్మిర్లూ. నాలుగేళ్ల కిందట ఇలాంటి ఎర్ర బల్బు దీపమే నేనే కొనిచ్చాను. మోకాళ్లకి పెట్టుకున్నన్నాళ్లూ బాగానే ఉంది. ఒక రాత్రి పాదాలకి పెట్టుకున్నాడు. వెచ్చదనం తెలియడం లేదని దీపాన్ని ముందుకు జరిపాడు. ఇంకా తెలియలేదు, ఇంకా జరిపాడు. చివరికి జానెడు దూరంలోకి వచ్చింది. టీవీ చూస్తూ అలాగే అరగంట కూర్చున్నాడు. నొప్పి లేదు, మంట లేదు. పొద్దున్న చెప్పు తొడుక్కోబోతుంటే వదిన చూసింది, చిటికెన వేలి పక్కన ఉసిరికాయంత బొబ్బ. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రోజు విడిచి రోజు డ్రెస్సింగు. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని ఒక దశలో డాక్టర్లు కూడా అన్నారు. దేవుడి దయవల్ల దక్కింది. దీపం చెడ్డది కాదు, అది చేయాల్సిన పని అది చేసింది. కాలుతోందని చెప్పాల్సిన నరం చెప్పలేదు.

ఇక నువ్వడిగిన తేడా. స్టీల్ ప్లాంటులో 31 ఏళ్లు పనిచేశాను, ఎక్కువ భాగం రోలింగ్ మిల్లులో. సెగ అంటే ఏమిటో అక్కడ ఒళ్లంతా తెలుస్తుంది. ఎర్రగా కాలుతూ వచ్చే కడ్డీ దగ్గరికి ఎవరూ పోరు. ప్రమాదమంతా అది చల్లారుతూ నల్లబడ్డాకే. కొత్తగా చేరిన కుర్రాళ్లు నల్లగా ఉంది కదా అని చేయి వేయబోతారు. ఇనుము కంటికి ఎర్రగా కనిపించాలంటే 500 డిగ్రీలు దాటాలి. 400 డిగ్రీల దగ్గర అది నల్లగానే ఉంటుంది, మీటరు దూరంలో నిలబడ్డా మొహానికి సెగ కొడుతుంది. ఆ కనిపించని సెగే ఇన్‌ఫ్రారెడ్. 1800లో విలియం హెర్షెల్ అనే ఆయన పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ వెలుగూ లేనిచోట థర్మామీటర్ పెడితే పాదరసం ఇంకా పైకి ఎగబాకింది. అలా బయటపడింది ఇది.

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ ఇన్‌ఫ్రారెడ్ వదులుతుంది. ఎంత వేడి అన్నదాన్ని బట్టి దాని తరంగం పొడవు మారుతుంది. 50 డిగ్రీల వేడినీళ్ల సంచి వదిలేది ఎక్కువగా 9 మైక్రాన్ల దగ్గర (మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు). దాన్నే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. నీ ఒంటి వేడి కూడా దాదాపు అక్కడే. కాబట్టి రాళ్లు కుట్టిన ప్యాడ్‌కి ఆ పేరు పెట్టి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు. అది కాపడమే. మా అమ్మ ఇసుక వేయించి మూటగట్టి పెట్టిన కాపడం కూడా అదే పని చేసింది. ఆ సెగ చర్మం పైపొరలోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి వెచ్చదనం మెల్లగా లోపలికి దిగుతుంది.

బల్బు దీపంలో తీగ రెండు వేల డిగ్రీలు దాటి కాలుతుంది కాబట్టి దాని ఇన్‌ఫ్రారెడ్ తరంగం పొట్టిది, ఒక మైక్రాను చుట్టుపక్కల. చర్మంలో కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. అదీ వేడి కోసమే. ఎల్‌ఈడీ సంగతి వేరు, అది వేడి కోసం చేసింది కాదంటారు. దాని గురించి తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

---

ఫిజియో_అక్కయ్యపాలెం:

ఉక్కునగరం గారూ, మీ అన్నయ్య గారి విషయం రాసినందుకు చాలా థాంక్స్. నా దగ్గరికి ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఇలాంటి కాలిన పాదాలతో వస్తారు. దీపం వల్ల కాకపోతే వేడినీళ్ల బకెట్ వల్ల.

పెద్దమ్మాయి గారూ, ముందు పాదాల సంగతి. 'షుగర్ తిమ్మిర్లకి ఇన్‌ఫ్రారెడ్' అన్న ప్రచారం కొత్తది కాదు. 890 నానోమీటర్ల ఎల్‌ఈడీ ప్యాడ్లు అమెరికాలో ఇరవై ఏళ్ల కిందటే బాగా అమ్ముడయ్యాయి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, ఆధారాలన్నీ చూసి, 2006లో వీటికి డబ్బు ఇవ్వబోమని తేల్చేసింది. 2008లో అచ్చయిన ఒక పరీక్షలో అసలు పరికరం వాడినవాళ్లకీ, వెలగని ఉత్తుత్తి పరికరం వాడినవాళ్లకీ తేడా కనిపించలేదు. కాబట్టి ఆ ఒక్క వాక్యం చూసి ప్యానెల్ కొనకండి. తిమ్మిర్లకు చేయాల్సింది షుగర్ డాక్టరు గారికి పాదాలు చూపించడం. సన్నని నైలాన్ పోగుతో అరికాలి మీద పొడిచి స్పర్శ ఎంత ఉందో చూస్తారు. ఐదు నిమిషాల పని.

మోకాళ్ల విషయం కొంచెం ఆశాజనకం. ఎల్‌ఈడీ, లేజర్ పరికరాల్లో ఎరుపు 630 నుంచి 660, ఇన్‌ఫ్రారెడ్ 810 నుంచి 850 నానోమీటర్ల వరకు ఎక్కువగా వాడతారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఒక ఎంజైము ఈ వెలుగును పీల్చుకుంటుందని, దానివల్ల వాపు తగ్గుతుందని వివరిస్తారు. 1967లో హంగరీలో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు ఎలుకల మీద లేజర్ వేస్తే గొరిగిన చోట వెంట్రుకలు తొందరగా రావడంతో ఈ వైద్యం మొదలైంది. మోకాలి అరుగుదలకు లేజర్ మీద జరిగిన 22 పరీక్షలను కలిపి చూసిన సమీక్ష 2019లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సరైన మోతాదు ఇచ్చినచోట నొప్పి తగ్గింది. కానీ గమనించండి, అది లేజర్. చర్మానికి ఆనించి, కీలు చుట్టూ బిందువు బిందువుకీ లెక్కపెట్టి ఇచ్చింది. మీరు చూసిన ప్యానెల్ గోడకు వేలాడదీసేది. ఆ ఫలితం దీనికీ వస్తుందని అమ్మేవాళ్లు అనుకోమంటారు, నేను అనుకోమనను.

మోతాదు లెక్క కష్టమేమీ కాదు. చదరపు సెంటీమీటరు మీద ఎన్ని మిల్లీవాట్లు పడుతున్నాయో, దాన్ని సెకన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే జౌళ్లు. 50 మిల్లీవాట్లు, రెండు నిమిషాలు అంటే 6 జౌళ్లు. తక్కువైతే పనిచేయదు, మరీ ఎక్కువైనా ఫలితం తగ్గిపోతుంది. మందులాగే అన్నమాట. కాబట్టి అమ్మేవాళ్లను ఒకటే అడగండి: 15 సెంటీమీటర్ల దూరంలో ఎన్ని మిల్లీవాట్లు, దేంతో కొలిచారు? సోలార్ మీటర్‌తో అంటే ఆ అంకె నమ్మకండి. అది ఎండని కొలవడానికి చేసింది, ఎల్‌ఈడీ ముందు పెడితే ఉన్నదానికన్నా బాగా ఎక్కువ చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో మీ మీద పడే ఎండ మొత్తం కలిపినా చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్ల దగ్గర ఉంటుంది. అంతకు రెట్టింపు ఇస్తామని ఒక చిన్న ప్యానెల్ వాళ్లు చెబితే ఎలా కొలిచారో అడగాల్సిందే.

బెల్టు చర్మానికి ఆనుతుంది, ఆ విషయంలో ప్యానెల్ కన్నా నయం. కానీ 850 నానోమీటర్ల బల్బులు నిజంగా ఉన్నాయా అని చూసుకోవాలి. వాటి వెలుగు కంటికి మసక ఎరుపుగా కనీకనిపించకుండా ఉంటుంది. చీకటి గదిలో ఫోను సెల్ఫీ కెమెరా పెట్టి చూస్తే తెల్లగానో ఊదాగానో మెరుస్తాయి. టీవీ రిమోట్ కొన మీద ముందు ప్రయత్నించండి, మీ ఫోను చూడగలుగుతుందో లేదో తెలుస్తుంది.

ఇప్పుడు నా సలహా. మీ అమ్మగారికి క్లినిక్‌లో సుఖం ఇచ్చింది వేడి. వేడికి కండరాలు సడలి, పట్టేసిన కీలు వదులవుతుంది, ఆ తర్వాత అరగంట వ్యాయామానికి మంచి సమయం. దానికి 2,200 దీపం చాలు, మోకాళ్లకు మాత్రమే. కానీ కొనేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. రెండు స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో కుండనీళ్లు, ఇంకోదాంట్లో స్నానానికి పెట్టుకునేంత గోరువెచ్చని నీళ్లు. వేడి నీళ్లు వద్దు. అమ్మగారిని కళ్లు మూసుకోమని, మోకాలి మీద, పిక్క మీద, పాదం మీద మార్చి మార్చి ఆనించండి. ఏది చల్లన ఏది వెచ్చన చెప్పాలి. మోకాలి చుట్టూ ఒక్కటి తప్పు చెప్పినా దీపం వద్దు, నాకు రాయండి.

---

సీతమ్మధార_పెద్దమ్మాయి:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పాదాలకు పెడదామనే అనుకున్నాను, ఆ రోజే ఆర్డర్ చేసి ఉండేదాన్ని.

నిన్న రాత్రి గ్లాసుల పరీక్ష చేశాను. అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, కళ్లకు చున్నీ కట్టాను. "ఏటే ఈ ఆటలు" అంటూనే కూర్చుంది. మోకాళ్ల మీద ఎనిమిదిసార్లు ఆనించాను, ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. పిక్కల మీద కూడా. ఎడమ పాదం పైభాగం సరే. కుడి పాదం బొటనవేలి దగ్గర చల్ల గ్లాసు ఆనించి ఆగాను. అమ్మ ఏమీ అనలేదు. "ఎట్టేవా?" అని అడిగింది. గ్లాసు అంతసేపూ వేలికి ఆనే ఉంది. గ్లాసు బయట అంటిన తడి వేలి మీదికి జారుతోంది. నాకు ఒళ్లు జలదరించింది. మళ్లీ వెచ్చనిది పెడితే "ఇది చల్లన" అంది.

రేపే షుగర్ డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ప్యానెల్ అమ్మేవాళ్లకు మీరు చెప్పిన ప్రశ్న రాశాను. అంకె ఇవ్వలేదు. 'ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్' అని ఒక సర్టిఫికెట్ ఫొటో పంపారు. దానికి విలువ ఉందా?

---

ఫిజియో_అక్కయ్యపాలెం:

మంచి పని చేశారండి. పరీక్షలో తేలింది డాక్టరు గారికి అలాగే చెప్పండి, కుడి బొటనవేలు అని చెప్పడం మర్చిపోవద్దు. అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవనివ్వకండి, రోజూ రాత్రి అరికాళ్లు మీరే చూడండి.

ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ. దాని దగ్గర రిజిస్టర్ అవడమంటే కంపెనీ తన పేరూ, పరికరం పేరూ నమోదు చేసుకోవడం మాత్రమే. పరికరాన్ని పరిశీలించి సరే అన్నట్టు కాదు. మన దేశంలో వైద్య పరికరాలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి నియంత్రణ కిందికి వచ్చాయి. చికిత్స పేరుతో అమ్మేవాళ్లను ఇక్కడి లైసెన్సు నంబరు అడగండి. 'ఇది వెల్‌నెస్ పరికరం అండి' అని తప్పుకుంటే, తిమ్మిర్లు తగ్గుతాయని రాయడానికి వాళ్లకు ఏ హక్కూ లేదు.

దీపం పెట్టే పద్ధతి రాస్తాను. మోకాలికి రెండడుగులు దూరం, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు. దీపం కాలి మీద నిటారుగా ఉండకూడదు, పక్కనుంచి పడాలి, ఎప్పుడైనా బల్బు పగిలినా గాజు ఒంటి మీద పడదు. ముందు నొప్పి బామ్ రాసి ఉంటే సబ్బుతో కడిగేయండి, బామ్ మీద వేడి పడితే చర్మం కాలుతుంది. 15 నిమిషాలు. పాదాల మీద మందపాటి తెల్ల తువ్వాలు కప్పండి. మన చర్మానికి ఎర్రబడటం కంటికి సరిగ్గా కనిపించదు, కాబట్టి ఐదు నిమిషాలకోసారి మీ చేతి వెనకవైపుతో తాకి చూడండి. కొన్ని వారాలకు మోకాలి మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఆపేయాలి. ఏజెన్సీ గ్రామాల్లో చలికాలమంతా కుంపటి పక్కన కూర్చునేవాళ్ల పిక్కల మీద అవే వస్తాయి. అమ్మగారు దీపం కింద నిద్రపోకూడదు, బల్బు వైపు చూడకూడదు.

దీపం తీసేశాక వ్యాయామం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మంచానికి అదుముతూ పది లెక్కపెట్టి వదలాలి. కాలికి పదిసార్లు. మోకాలికి అసలు మందు ఇదే, దీపం దీనికి తోడు.

---

ఉక్కునగరం_రిటైర్డ్:

ఒక్క మాట అమ్మా. దూరం రోజూ అంచనాగా పెట్టకు. మిల్లులో మేం నేల మీద పసుపు గీత గీసుకునేవాళ్లం, దాన్ని దాటి ఎవరూ లోపలికి పోకూడదని. నువ్వూ ఇంట్లో గీసుకో. సగం దూరానికి జరిపితే సెగ రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. మా అన్నయ్య విషయంలో జరిగిందదే.

---

సీతమ్మధార_పెద్దమ్మాయి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు.

డాక్టరు గారు నైలాన్ పోగుతో చూశారు. కుడి పాదంలో మూడు చోట్ల స్పర్శ లేదు. మందులు మార్చారు, మెత్తటి చెప్పులు రాశారు. మోకాళ్లకు దీపం పెట్టుకోవచ్చన్నారు, పాదాలకు వద్దన్నారు. ప్యానెల్ కొనలేదు. పింగాణీ హోల్డర్, త్రీ పిన్ ఉన్న దీపమే తెచ్చాను, బేరమాడితే 1,950కి ఇచ్చారు.

ఉక్కునగరం అంకుల్, మీరు చెప్పినట్టే గీత గీశాను, ముగ్గుపిండితో. కుర్చీ కాళ్లకు ఒక గీత, దీపం స్టాండుకు ఒక గీత, మధ్యలో టేపు పెట్టి కొలిచాను. మర్నాడు చూస్తే అమ్మ ఆ రెండు గీతల చివర్లూ చిన్న చిన్న పద్మాలు వేసి ఉంది, వంగలేక కుర్చీలో కూర్చునే వేసింది. రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాక 15 నిమిషాలు, ఫోనులో అలారం. పాదాల మీద తువ్వాలు తనే కప్పుకుంటోంది.

నొప్పి పోలేదు. పొద్దున్న లేచేటప్పుడు పట్టేయడం తగ్గిందంటోంది. మొన్న ఆదివారం రెండో అంతస్తు పిన్నిగారింటికి తనంతట తానే దిగి వెళ్లింది, పట్టుకోనివ్వలేదు.

ఫిజియో గారూ, ఒక్క సందేహం. తువ్వాలు వ్యాయామంలో కుడి కాలు పది లెక్కపెట్టేసరికి వణుకుతోంది. ఆపేయాలా?

---

ఫిజియో_అక్కయ్యపాలెం:

ఆపకండి, ఐదు లెక్కకి తగ్గించండి. వణుకు నీరసం వల్ల వస్తోంది, కండరం అలవాటు పడాలి. వారం తర్వాత ఏడు, ఆ తర్వాత పది. ఊపిరి బిగబట్టకుండా గట్టిగా లెక్కపెట్టమనండి. కుడి మోకాలు వాచినా, వేడెక్కి ఎర్రబడినా ఆ రోజు దీపమూ వద్దు, వ్యాయామమూ వద్దు.